అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో అసలు మలుపు ఏది?

అడిగిన ప్రశ్న ఇది: "సివిల్స్‌కి చదువుతున్నాను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధాన్ని మలుపు తిప్పిన పోరు ఏదంటే ఒక పుస్తకంలో సరటోగా అని ఉంది, ఇంకో దాంట్లో ట్రెంటన్ అని ఉంది, క్లాసులో సార్ యార్క్‌టౌన్ అన్నారు. ఏది రాయాలి? యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన కారన్‌వాలిసూ మన శాశ్వత శిస్తు విధానం కారన్‌వాలిసూ ఒకరేనా?"

రెండో ప్రశ్నకి జవాబు చిన్నది. అవును, ఒకరే. అందులో గుంటూరు సంగతి కూడా ఉంది కాబట్టి దాన్ని చివర్లో చెప్తాను.

మొదటిది అంత తేలిగ్గా తేలేది కాదు. నేను ఇరవై రెండేళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నాను. ఈ యుద్ధం గురించి చదవడం మొదలుపెట్టాక సెలవు దొరికినప్పుడల్లా ఏదో ఒక యుద్ధభూమికి వెళ్లి నడిచి వస్తుంటాను. అలా తిరిగాక నాకు కుదిరిన అభిప్రాయం చెప్తాను. ట్రెంటన్ దగ్గర మొదలైన పది రోజులు ఈ యుద్ధాన్ని బతికించాయి. సరటోగా దాన్ని ప్రపంచ యుద్ధంగా మార్చింది. దక్షిణాన బ్రిటిష్‌వాళ్లు "గెలిచిన" గిల్ఫర్డ్ కోర్ట్‌హౌస్ పోరు వాళ్ల నడ్డి విరిచింది. యార్క్‌టౌన్ మలుపు కాదు, వీటన్నిటి ఫలితం.

ఎందుకలా అంటున్నానో అర్థం కావాలంటే ముందు ఒక లెక్క చూడాలి. బోస్టన్, న్యూపోర్ట్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా, చార్ల్‌స్టన్. అప్పటి అమెరికాలో పెద్ద ఊళ్లు ఇవే. ఈ ఐదూ ఎప్పుడో ఒకప్పుడు బ్రిటిష్‌వాళ్ల చేతిలో ఉన్నవే. అయినా యుద్ధం గెలవలేదు. మన చరిత్రలో రాజధాని పడిందంటే రాజ్యం పడినట్టే లెక్క. అక్కడ పడగొట్టడానికి అలాంటి రాజధాని లేదు. పడగొట్టాల్సింది అమెరికన్ సేనాని జార్జ్ వాషింగ్టన్ వెంట ఉన్న సైన్యాన్ని. ఆ సైన్యం చెదరకుండా ఉన్నంతకాలం మూడు వేల మైళ్ల అవతలి నుంచి ఓడల్లో తిండీ, మందుగుండూ, మనుషులూ తెప్పించుకుంటూ బ్రిటన్ ఖర్చు పెడుతూనే ఉండాలి. కాబట్టి ఏ పోరు ముఖ్యమో తేల్చాలంటే ఎవరు గెలిచారన్నది చూస్తే సరిపోదు, ఆ పోరు తరవాత ఎవరి సైన్యం ఏ స్థితిలో మిగిలిందో చూడాలి.

తొలి ఏడాది గురించి త్వరగా చెప్పేస్తాను. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్, కాంకర్డ్ ఊళ్లలో కాల్పులు మొదలయ్యాయి. జూన్ 17న బంకర్ హిల్. అక్కడ గుట్ట బ్రిటిష్‌వాళ్లకే దక్కింది కానీ చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి వాళ్ల వైపు 1,054 మంది. ఆ చలికాలంలో హెన్రీ నాక్స్ అనే పాతికేళ్ల మనిషి టికాండరోగా కోట నుంచి దాదాపు 60 ఫిరంగుల్ని మంచు మీద ఎడ్లు లాగే బండ్లపై సుమారు 300 మైళ్లు లాగించుకొచ్చాడు. అంతకుముందు ఆయన బోస్టన్‌లో పుస్తకాల షాపు నడిపేవాడు. ఆ ఫిరంగులు బోస్టన్ పక్కన ఉన్న డార్చెస్టర్ గుట్టల మీదకి ఎక్కాక 1776 మార్చి 17న బ్రిటిష్ సైన్యం ఊరు ఖాళీ చేసి ఓడలెక్కింది.

ఆ సంతోషం ఆరు నెలలు కూడా నిలవలేదు. ఆగస్టు 27న లాంగ్ ఐలండ్‌లో వాషింగ్టన్ ఘోరంగా ఓడిపోయాడు. వెనక నది, ముందు శత్రువు. ఆగస్టు 29 రాత్రి మార్బుల్‌హెడ్ అనే రేవు నుంచి వచ్చిన జాలరి సైనికులు పడవలు నడిపి, సుమారు 9,000 మందిని చప్పుడు లేకుండా అవతలి ఒడ్డుకి చేర్చారు. తెల్లవారాక పొగమంచు అడ్డుగా నిలిచింది. అది లేకపోతే యుద్ధం ఆ ఉదయమే అయిపోయి ఉండేది. తరవాత నవంబరు 16న ఫోర్ట్ వాషింగ్టన్‌లో 2,800 మందికి పైగా పట్టుబడ్డారు. మిగిలిన సైన్యం న్యూజెర్సీ మీదుగా వెనక్కి నడిచి డెలావేర్ నది దాటి పెన్సిల్వేనియాలో ఆగింది. చాలామందికి డిసెంబరు 31తో సర్వీసు గడువు ముగుస్తుంది. "ఆట దాదాపు అయిపోయినట్టే" అని వాషింగ్టన్ ఆ డిసెంబరులోనే తమ్ముడికి ఉత్తరం రాశాడు.

ఇప్పుడు ట్రెంటన్. ఆయన నది దాటిన చోటు మా ఇంటి నుంచి గంట ప్రయాణం. మొదటిసారి వెళ్లినప్పుడు నాకు నిరాశే కలిగింది. గోదావరి చూసిన కళ్లకి డెలావేర్ అక్కడ పెద్ద కాలవలా ఉంటుంది, మహా అయితే 300 గజాల వెడల్పు. డిసెంబరు ఆఖరులో ఒక సాయంత్రం మళ్లీ వెళ్లాను. ఒడ్డున పావుగంట నిలబడేసరికి గ్లవ్స్ ఉన్నా వేళ్లు మొద్దుబారిపోయాయి. వాషింగ్టన్ దాటిన 1776 డిసెంబరు 25 రాత్రి ఆ నదిలో మంచు పెళ్లలు కొట్టుకొస్తున్నాయి. పైనుంచి వడగళ్లూ మంచూ కలిసి పడుతున్నాయి. సైనికుల్లో కొందరికి బూట్లు లేవు, కాళ్లకి గుడ్డలు చుట్టుకున్నారు. మామూలు రోజుల్లో ఇనుము మోసే పొడవాటి డర్హమ్ పడవల్లో మనుషులు నిలబడి వెళ్లారు, గుర్రాల్నీ 18 ఫిరంగుల్నీ బల్లకట్టు లాంటి పడవల మీద దాటించారు. పడవలు నడిపినవాళ్లు ఎవరనుకున్నారు? ఆగస్టులో లాంగ్ ఐలండ్ నుంచి సైన్యాన్ని దాటించిన మార్బుల్‌హెడ్ జాలర్లే.

అర్ధరాత్రికల్లా అందరూ దాటాలన్నది ప్లాన్. మూడు దళాలు మూడు చోట్ల దాటాలి. మిగతా రెండూ సమయానికి దాటలేకపోయాయి. వాషింగ్టన్ వెంట ఉన్న 2,400 మంది మాత్రం తెల్లవారుజాము మూడింటికి ఒడ్డెక్కారు. అక్కడి నుంచి ట్రెంటన్ తొమ్మిది మైళ్లు. దారిలో ఇద్దరు చలికి చనిపోయారు. మందు తడిసి తుపాకులు పేలడం లేదని కబురొస్తే, బాయినెట్లతో (తుపాకీ చివర బిగించే కత్తులతో) పొడవమని జవాబు వెళ్లింది. ఉదయం ఎనిమిదింటికి దాడి మొదలైంది, గంటలో అయిపోయింది. ఊళ్లో ఉన్న సుమారు 1,500 మంది జర్మన్ కిరాయి సైనికుల్లో దాదాపు 900 మంది పట్టుబడ్డారు. వాళ్ల కమాండర్ రాల్ గాయాలతో చనిపోయాడు. అమెరికన్ల వైపు గాయపడ్డ కొద్దిమందిలో జేమ్స్ మన్రో అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడున్నాడు, తరవాత అమెరికాకి ఐదో అధ్యక్షుడయ్యాడు.

జర్మన్లు క్రిస్మస్ తాగుడు మత్తులో ఉన్నారని చాలాచోట్ల రాస్తారు. మీరు మాత్రం రాయకండి. వాళ్లు తాగి పడిపోలేదు, అలిసిపోయి ఉన్నారు. చుట్టుపక్కల ఊళ్ల మిలీషియా, అంటే అవసరానికి తుపాకీ పట్టే మామూలు జనం, రోజూ ఏదో ఒక వైపు నుంచి కాల్పులు జరిపి పారిపోతుంటే వారం రోజులుగా వాళ్లకి సరైన నిద్ర లేదు.

అయితే నన్ను కదిలించేది ఈ దాడి కాదు, దాని తరవాత నాలుగైదు రోజులకి జరిగింది. గడువు ముగియబోతున్న పటాలాన్ని వాషింగ్టన్ వరసగా నిలబెట్టాడు. ఇంకో ఆరు వారాలు ఉంటే తలకి పది డాలర్లు ఇస్తానన్నాడు. ఉండేవాళ్లు ముందుకి రమ్మని డ్రమ్ము మోగింది. ఒక్కడు కూడా కదల్లేదు. ఆయన గుర్రాన్ని తిప్పుకుని వెళ్లబోయి, మళ్లీ వెనక్కొచ్చి మాట్లాడాడు. మీరు చెయ్యాల్సిందంతా చేశారు, అంతకంటే ఎక్కువే చేశారు, కానీ దేశం ఇంకా ప్రమాదంలో ఉంది అన్నాడు. మళ్లీ డ్రమ్ము మోగింది. వరసలో ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఒకడు ముందుకి అడుగు వేశాడు. తరవాత ఇంకొకడు. చివరికి నడవగలిగినవాళ్లు దాదాపు అందరూ వచ్చారు. వీళ్ల పేర్లు రాసుకోమంటారా అని ఒక అధికారి అడిగితే, ఇలాంటి పరిస్థితిలో ముందుకొచ్చినవాళ్లకి కాగితాలు అక్కర్లేదన్నాడు. ఆ వరసలో నిలబడిన ఒక సార్జెంటు చెప్పిన సంగతి ఇది. ఈ యుద్ధం మొత్తంలో ఒకే ఒక్క క్షణాన్ని మలుపుగా చూపించమంటే నేను ఆ రెండో డ్రమ్ము మోతని చూపిస్తాను.

ఆ నిలబడినవాళ్లతోనే జనవరి 2న అసన్‌పింక్ వాగు దగ్గర కారన్‌వాలిస్‌ని అడ్డుకున్నారు. చీకటి పడింది కదా, పొద్దున్నే పట్టుకోవచ్చులే అని కారన్‌వాలిస్ ఆగాడు. వాషింగ్టన్ శిబిరంలో మంటలు ఆరకుండా కొంతమందిని ఉంచి, ఫిరంగి చక్రాలకి గుడ్డలు చుట్టించి, గడ్డకట్టిన నేల మీద రాత్రికి రాత్రే పక్కదారిన ప్రిన్స్‌టన్ వెళ్లి, తెల్లవారాక అక్కడి బ్రిటిష్ దళాన్ని కొట్టాడు. దాంతో బ్రిటిష్‌వాళ్లు న్యూజెర్సీలో చాలా భాగం వదిలేసి న్యూబ్రన్స్‌విక్, పెర్త్ ఆంబోయ్ వైపు సర్దుకున్నారు. ఇవాళ మన తెలుగువాళ్లు కిక్కిరిసి ఉండే ఎడిసన్ ఆ రెండు ఊళ్లకీ దగ్గర్లోనే ఉంటుంది. బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లేవాళ్లకి ఇంకో మాట. అక్కడికి దగ్గర్లోని మిడిల్‌బ్రూక్‌లో ఈ సైన్యం 1778-79 చలికాలమంతా గడిపింది.

ట్రెంటన్ తరవాత అదే చలికాలంలో జరిగిన ఇంకో పనిని పరీక్షల్లో ఎవరూ రాయరు, రాస్తే బాగుంటుంది. అదే మశూచికి రక్షణ. మన పెద్దవాళ్లు అమ్మవారు పోసిందనే జబ్బే. 1776లో కెనడా మీదకి వెళ్లిన అమెరికన్ సైన్యాన్ని శత్రువుతో పాటు అది కూడా నాశనం చేసింది. టీకా మందు ఇంకా పుట్టలేదు. రోగి పుండులోని రసిని ఆరోగ్యంగా ఉన్నవాడి చర్మం మీద గీటు పెట్టి ఎక్కించేవారు. మనిషి కొన్ని వారాలు మంచాన పడతాడు, కొందరు చనిపోతారు కూడా. ఆ సమయంలో శత్రువు దాడి చేస్తే అంతే సంగతులు. 1777 ఫిబ్రవరిలో వాషింగ్టన్ ఆ రిస్కు తీసుకుని సైన్యానికంతటికీ ఈ పని చేయించమని ఆజ్ఞ ఇచ్చాడు. ఏ యుద్ధభూమిలో గెలుపు కంటే ఇది తక్కువని నేననుకోను.

ఇక సరటోగా. బ్రిటిష్ ప్లాన్ ప్రకారం 1777లో జనరల్ బర్గాయిన్ కెనడా నుంచి కిందికి దిగి ఆల్బనీ చేరి, న్యూ ఇంగ్లండ్‌ని (ఈశాన్య రాష్ట్రాల్ని) మిగతా రాష్ట్రాల నుంచి తెగ్గొట్టాలి. న్యూయార్క్‌లో ఉన్న ఇంకో బ్రిటిష్ జనరల్ హౌ పైకి వెళ్లి కలుస్తాడని అందరి లెక్క. హౌ కలవలేదు. సైన్యాన్ని ఓడల్లో ఎక్కించుకుని ఫిలడెల్ఫియా మీదకి పోయాడు, సెప్టెంబరు 26న దాన్ని పట్టుకున్నాడు కూడా. ఇద్దరి మధ్య సమన్వయం లండన్ చూడాలి, ఒక ఉత్తరం సముద్రం దాటడానికే వారాలు పడుతుంది. ఇటు బర్గాయిన్ అడవిలో చిక్కుకుపోయాడు. తిండి కోసం బెన్నింగ్టన్ వైపు పంపిన దళం ఆగస్టు 16న తుడిచిపెట్టుకుపోయింది. సెప్టెంబరు 19నా, అక్టోబరు 7నా జరిగిన రెండు పోరుల తరవాత అక్టోబరు 17న 5,900 మంది దాకా ఉన్న ఆయన సైన్యం లొంగిపోయింది. బెమిస్ హైట్స్ మీద అమెరికన్ల కోటకట్టు వేసింది పోలండ్ నుంచి వచ్చిన కోషూస్కో అనే ఇంజనీరు.

సరటోగాలో చూడాల్సినది ఒక చిన్న రాతి స్తంభం. దాని మీద ఒక బూటు చెక్కి ఉంటుంది. ఆ చోట ఒక వీరుడి కాలికి గాయమైందని రాసి ఉంటుంది, ఆ వీరుడి పేరు మాత్రం ఉండదు. ఆయన బెనెడిక్ట్ ఆర్నాల్డ్. అక్టోబరు 7న ప్రాణానికి తెగించి పోరాడి, 1780లో వెస్ట్ పాయింట్ కోటని బ్రిటిష్‌వాళ్లకి అప్పజెప్పబోయిన మనిషి. పాతికేళ్లప్పుడు దాన్ని కోపంగా చూశాను. ఇప్పుడు అక్కడ నిలబడితే బాధ కలుగుతుంది.

సరటోగా విలువ ఆ పొలాల్లో కంటే పారిస్‌లో ఎక్కువ. అంతకుముందే ఫ్రాన్స్ దొంగచాటుగా తుపాకీ మందు పంపిస్తోంది, సరటోగాలో పేలిన మందులో చాలా భాగం అదే. గెలుపు వార్త అందాక 1778 ఫిబ్రవరి 6న బాహాటంగా ఒప్పందం చేసుకుంది. 1779లో స్పెయిన్, 1780 చివర్లో డచ్చివాళ్లు కూడా బ్రిటన్‌తో యుద్ధంలోకి వచ్చారు. అప్పటి నుంచి బ్రిటన్ తన ఓడల్ని వెస్టిండీస్, జిబ్రాల్టర్, ఇండియా అన్నిటికీ పంచాల్సి వచ్చింది. జవాబులో సరటోగా అని రాస్తే ఈ కారణం కూడా రాయండి.

ఉత్తరాన కుదరక బ్రిటిష్‌వాళ్లు దక్షిణానికి తిరిగారు. అక్కడ రాజభక్తులు, అంటే బ్రిటిష్ రాజు పక్షాన ఉన్న అమెరికన్లు ఎక్కువ, వాళ్లే లేచి తమవైపు పోరాడతారని నమ్మకం. మొదట్లో అంతా కలిసొచ్చింది. 1780 మే 12న చార్ల్‌స్టన్‌లో 5,000 మందికి పైగా అమెరికన్లు లొంగిపోయారు. ఈ యుద్ధంలో వాళ్లకి అంతకంటే పెద్ద దెబ్బ లేదు. ఆగస్టు 16న కామ్డెన్‌లో కారన్‌వాలిస్ ఇంకో సైన్యాన్ని చెదరగొట్టాడు. కానీ ఆ ప్రాంతంలో జరిగింది ఇరుగుపొరుగు కొట్లాట. ఇళ్లు తగలబెట్టారు, లొంగినవాళ్లని చంపారు, రెండు వైపులా. అక్టోబరు 7న కింగ్స్ మౌంటెన్ మీద జరిగిన పోరులో బ్రిటిష్ పక్షాన కమాండర్ ఫెర్గూసన్ తప్ప దాదాపు అందరూ అమెరికన్లే. అక్కడ రాజభక్తుల దళం మొత్తం పోయాక, మిగతావాళ్లు బయటికి రావడానికి భయపడ్డారు.

1781 జనవరి 17న కౌపెన్స్‌లో అమెరికన్ జనరల్ డేనియల్ మోర్గాన్ చేసినది ఈ యుద్ధంలోకెల్లా తెలివైన పోరని నా గట్టి నమ్మకం. మిలీషియా బాయినెట్ చూస్తే పారిపోతుందని అందరికీ తెలుసు. మోర్గాన్ ఆ బలహీనతనే ప్లాన్‌లో పెట్టేశాడు. ముందు రాత్రి ఒక్కో మంట దగ్గరికీ వెళ్లి, రెండుసార్లు గురిచూసి కాల్చండి చాలు, తరవాత వెనక్కి వెళ్లిపోండి అని చెప్పాడు. పొద్దున వాళ్లు అలాగే వెనక్కి జరిగితే బ్రిటిష్ అధికారి టార్ల్‌టన్ సైనికులు శత్రువు పారిపోతున్నాడనుకుని వరస చెడగొట్టుకుని పరుగెత్తారు. ఎదురుగా అసలు సైన్యం నిలబడి ఉంది, పక్కనుంచి గుర్రపు దళం వచ్చింది. గంటలోపే సుమారు 1,100 మందిలో 800 మందికి పైగా చనిపోవడమో పట్టుబడడమో జరిగింది.

కోపంతో కారన్‌వాలిస్ వెంటపడ్డాడు. వేగంగా నడవాలని తన బండ్లూ గుడారాలూ తగలబెట్టించాడు, రమ్ము పీపాలు కూడా పగలగొట్టించాడు. నడిచలికాలంలో! దక్షిణాన అమెరికన్ సైన్యాన్ని నడిపిన నథానియల్ గ్రీన్ ఆయన్ని నది తరవాత నది దాటిస్తూ నార్త్ కరోలైనా అంతా తిప్పి, డాన్ నది అవతలికి జారుకున్నాడు. బలం కూడదీసుకుని తిరిగొచ్చి మార్చి 15న గిల్ఫర్డ్ కోర్ట్‌హౌస్ దగ్గర నిలబడ్డాడు. 1,900 మందితో కారన్‌వాలిస్ గెలిచాడు, మైదానం ఆయనదే. కానీ 500 మందికి పైగా నేలకూలారు. ఇలాంటి గెలుపు ఇంకొకటి వస్తే మన సైన్యమే ఉండదని బ్రిటిష్ పార్లమెంటులో ఫాక్స్ అన్నది దీని గురించే. మిగిలినవాళ్లకి తిండీ బూట్లూ లేక ఆయన సముద్రతీరంలోని విల్మింగ్టన్ చేరాడు, అక్కడి నుంచి వర్జీనియా వెళ్లాడు. యార్క్‌టౌన్‌కి దారి అక్కడే పడింది. గ్రీన్ దక్షిణంలో ఒక్క పెద్ద పోరు కూడా స్పష్టంగా గెలవలేదు. "పోరాడతాం, దెబ్బ తింటాం, లేస్తాం, మళ్లీ పోరాడతాం" అని ఆయన రాసుకున్న మాటే ఆయన పద్ధతి. అయినా ఏడాది తిరిగేసరికి బ్రిటిష్‌వాళ్లకి దక్షిణాన రేవు పట్టణాలే మిగిలాయి.

యార్క్‌టౌన్ ఫలితం నిజానికి సముద్రం మీద తేలింది. 1781 సెప్టెంబరు 5న చెసపీక్ అఖాతం ముందు ఫ్రెంచి అడ్మిరల్ డి గ్రాస్ 24 ఓడలతో బ్రిటిష్‌వాళ్ల 19 ఓడల్ని అడ్డుకున్నాడు. కారన్‌వాలిస్‌కి సాయం వచ్చే దారీ, పారిపోయే దారీ రెండూ మూసుకుపోయాయి. వాషింగ్టన్, ఫ్రెంచి జనరల్ రోషాంబో న్యూయార్క్ దగ్గర నుంచి నడిచొచ్చి ముట్టడి వేశారు. అక్టోబరు 19న 7,000 మందికి పైగా లొంగిపోయారు. ఒంట్లో బాగోలేదని కారన్‌వాలిస్ బయటికి రాలేదు, కత్తి ఇచ్చి ఓహారా అనే అధికారిని పంపాడు. ఈ లొంగుబాటు బొమ్మల్లో కనిపించనివాళ్లు ఉన్నారు. స్వేచ్ఛ దొరుకుతుందని బ్రిటిష్ సైన్యం వెంట వచ్చిన నల్లజాతి బానిసలు. ముట్టడిలో తిండి తగ్గాక, మశూచి పట్టినవాళ్లతో సహా వాళ్లని కారన్‌వాలిస్ బయటికి వెళ్లగొట్టాడు. ఎందరో ఆ అడవుల్లోనే చనిపోయారు. బతికినవాళ్లలో చాలామందిని పాత యజమానులు పట్టుకుపోయారు. స్వాతంత్ర్య యుద్ధం అన్న మాట రాసేటప్పుడు వీళ్లు నాకు గుర్తొస్తారు.

ఇప్పుడు మన వైపు. ఫ్రాన్స్ యుద్ధంలోకి రాగానే బ్రిటిష్‌వాళ్లు ఇండియాలోని ఫ్రెంచి స్థావరాల మీద పడ్డారు. 1778లో పుదుచ్చేరి, 1779లో మాహే తీసుకున్నారు. మాహే రేవు నుంచే హైదర్ అలీకి ఆయుధాలు వచ్చేవి. ఆయన 1780 జులైలో ఆర్కాటు నవాబు ఏలే కర్నాటక ప్రాంతం (ఇప్పటి కర్ణాటక రాష్ట్రం కాదు) మీద విరుచుకుపడడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. సెప్టెంబరు 10న పొల్లిలూరులో కంపెనీ దళం ఒకటి పూర్తిగా నాశనమైంది. అమెరికన్లకి ఈ వార్తలు తెలుసు. పెన్సిల్వేనియావాళ్లు తమ యుద్ధనౌకకి హైదర్ అలీ పేరే పెట్టుకున్నారు, 1782 ఏప్రిల్‌లో అది డెలావేర్ అఖాతంలో తనకంటే బలమైన బ్రిటిష్ ఓడని పట్టుకుంది కూడా. ఈ యుద్ధంలో ఆఖరి పెద్ద పోరు జరిగింది కూడా అమెరికాలో కాదు, 1783 జూన్‌లో కడలూరు దగ్గర. ఐరోపాలో సంధి కుదిరిందన్న కబురు అక్కడికి ఇంకా చేరలేదు.

కారన్‌వాలిస్‌కి యార్క్‌టౌన్ వల్ల పెద్ద నష్టమేమీ జరగలేదు. 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. అప్పటికి గుంటూరు సర్కారు విషయం తేలకుండా ఉంది. 1768 ఒప్పందం ప్రకారం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ పోయాక అది కంపెనీకి రావాలి. ఆయన 1782లో చనిపోయాడు, నిజాం ఇవ్వకుండా జాప్యం చేస్తున్నాడు. కారన్‌వాలిస్ కెన్నవే అనే అధికారిని హైదరాబాదు పంపి, 1788లో గుంటూరుని స్వాధీనం చేసుకున్నాడు. 1792లో టిప్పుతో శ్రీరంగపట్నం సంధి, 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు. ఆ శిస్తు పద్ధతి ఉత్తర సర్కారుల జమీందారీలకి 1802లో వచ్చింది.